కారేది వాల్వు, పారేసేది యంత్రమా?

ఈ మధ్య మన ఇళ్లల్లో దేవుడి పేరు కంటే ఎక్కువసార్లు వినబడే మాట ఒకటుంది. "దీన్ని బాగుచేయించే డబ్బుకి కొత్తదే వచ్చేస్తుందండీ!" అని. కొట్టువాడు అంటాడు. కంపెనీ పంపిన కుర్రాడు అంటాడు. శ్రీవారు ఫోనులోంచి తలెత్తకుండా అంటారు. చివరికి మనమే, ఏదో పెద్ద లెక్కలు తెలిసినవాళ్లలాగా, పక్కింటావిడకి సలహా చెబుతూ అంటాం. అనడమే తరువాయి, పాతది అటకెక్కుతుంది, లేకపోతే పాతసామాన్లవాడి బండెక్కుతుంది. కొత్తది అట్టపెట్టెలో దిగుతుంది. నేను ఈ మాటతో తగువు పెట్టుకోదలిచాను. ఇందులో నిజం పాలు తక్కువ, సోమరితనం పాలు కొంత, అమ్మేవాడి లాభం పాలు అన్నిటికన్నా ఎక్కువ అని నా అభియోగం.

ఈ తగువుకి సాక్షిగా ఎస్ప్రెస్సో కాఫీ యంత్రాన్ని పిలుస్తున్నాను.

"ఇదేం చోద్యమమ్మా, ఇత్తడి ఫిల్టరులో డికాక్షను దింపుకునే వాళ్లం, మనకెందుకీ ఎస్ప్రెస్సో గొడవ?" అంటారేమో. ఇప్పుడు అలా అనడానికి లేదు. ఉద్యోగాలు చేసే పిల్లల ఇళ్లకి వెళ్లి చూడండి. వంటగట్టు మీద మిక్సీ పక్కనే ఇదీ కూర్చుని ఉంటుంది. అయినా ఎస్ప్రెస్సో అనే పేరు మనకి కొత్తా ఏమిటి? పెళ్లిళ్లలో ఒక మూల పెద్ద ఇత్తడి యంత్రం బుస్సుమంటూ ఆవిరి చిమ్ముతుంటే, నురుగు కాఫీ మీద చాక్లెట్ పొడి చల్లించుకుని, "ఎస్ప్రెస్సో తాగాం" అని మురిసిపోయిన తరం కాదూ మనది! నిజానికి అది పాలని ఆవిరితో నురగగొట్టి కలిపిన మామూలు పొడి కాఫీ. అసలైన ఎస్ప్రెస్సో వేరు. మెత్తగా దంచిన కాఫీ పొడిని గిన్నెలో అదిమి, తొంభై డిగ్రీలు దాటిన వేడి నీళ్లని గాలి పీడనానికి తొమ్మిది రెట్ల ఒత్తిడితో అందులోంచి తోస్తే, పాతిక ముప్ఫై సెకన్లలో దిగే చిక్కటి రసం అది.

ఒత్తిడీ, వేడీ, ఆవిరీ అనగానే మీకేం గుర్తొచ్చింది? ప్రెషర్ కుక్కరే కదా! రెండూ ఒక తానులో ముక్కలే. 1679లో డెనిస్ పాపిన్ అనే ఫ్రెంచి ఆయన లండన్‌లో మూత బిగించిన ఆవిరి కుండ చేసి, అది పేలిపోకుండా దానికో వాల్వు అమర్చాడు. మన కుక్కరు ఆ వంశంలోదే. ఇటలీలో టూరిన్ నగరానికి చెందిన ఆంజెలో మొరియోండో 1884లో ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంటు తీసుకున్నాడు. 1901లో మిలాన్‌వాడు లుయీజీ బెజ్జెరా దాన్ని మెరుగుపరిచి, ఒక్కొక్క కప్పు చొప్పున తీసే యంత్రం చేశాడు. 1961లో ఇటలీలోనే ఫాయెమా కంపెనీ పంపుతో నడిచే ఇ-61 అనే యంత్రాన్ని బజారులో పెట్టింది. మన తగువుకి పనికొచ్చే సంగతి ఇక్కడుంది. అరవై ఏళ్లు దాటిన ఆ ఇ-61 యంత్రాలు ఇవాళ్టికీ పనిచేస్తున్నవి ఉన్నాయి. దాని రబ్బరు వాషర్లూ వాల్వులూ ఇప్పటికీ అమ్ముతున్నారు. అంటే కాఫీ యంత్రానికి ఆయుర్దాయం లేక కాదన్నమాట! పుట్టించినవాడు విడిభాగాలు అమ్మితే అది అరవై ఏళ్లు బతుకుతుంది. అమ్మకపోతే రెండేళ్లకే చస్తుంది. ఆయుష్షు ఇనుములో లేదు, అమ్మేవాడి మనసులో ఉంది.

ఇక మన కథకి వద్దాం. కూకట్‌పల్లిలో ఉన్న మా అక్క కూతురు పదహారు వేలు పోసి ఇలాంటి యంత్రం కొనుక్కుంది. రెండేళ్లు బ్రహ్మాండంగా పనిచేసింది. తరువాత ఆవిరి పిడి కిందనుంచి చుక్కా చుక్కా కారడం మొదలెట్టింది. కొన్నాళ్లకి కాఫీ పెట్టిన ప్రతిసారీ గట్టు మీద చిన్న చెరువు. కంపెనీ పేరు నేను చెప్పను, అది ముఖ్యం కూడా కాదు. వాళ్లకి ఫోను చేస్తే నాలుగు రోజులకి ఒక కుర్రాడు వచ్చాడు. రావడంతోనే, "సార్ లేరా మేడమ్?" అన్నాడు. అది కంప్యూటర్లకి ప్రోగ్రాములు రాసి బతికే పిల్ల. తన డబ్బుతో తను కొనుక్కున్న వస్తువు. అయినా యంత్రం జబ్బు చెప్పాలంటే సార్ ఉండాలి! సరే, లేరు అంది. మూత విప్పకుండానే అటు ఒంచి, ఇటు ఒంచి చూశాడు. "వాల్వు విడిగా రాదు మేడమ్. బాయిలరుతో సహా సెట్టు మొత్తం మార్చాలి. తొమ్మిది వేలవుతుంది. దానికంటే ఎక్స్ఛేంజిలో కొత్తది తీసుకోండి, వెయ్యి తగ్గిస్తాం" అన్నాడు. వచ్చి చూసినందుకు అయిదు వందలు తీసుకుని వెళ్లిపోయాడు.

నేను ఆ సమయానికి అక్కడే ఉన్నాను. "ఏమే, కారేది వాల్వు అని వాడే అన్నాడు. పారెయ్యమనేది యంత్రాన్ని. ఈ న్యాయం ఎక్కడిదే?" అన్నాను. "నువ్వు మరీను పిన్నీ, ఇవన్నీ ఇప్పుడు బాగుచేసేవి కావు" అంది. ఆ మాటకే నాకు ఒళ్లు మండింది. "చూద్దాం, విప్పు" అన్నాను.

ప్లగ్గు పీకాం. పూర్తిగా చల్లారేదాకా గంటన్నర ముట్టుకోలేదు. నీళ్ల తొట్టి తీసేశాం. పైమూతకి నాలుగే నాలుగు మరలు. లోపల చూస్తే భయపడాల్సిందేమీ లేదు. ఒక చిన్న పంపు, ఒక బాయిలరు, నాలుగు గొట్టాలు, మూడు వాల్వులు. ఒకటి ఒత్తిడి ఎక్కువైతే నీళ్లని వెనక్కి తొట్టిలోకి పంపేది. ఒకటి కాఫీ దిగడం అయిపోయాక మిగిలిన ఒత్తిడిని కింది పళ్లెంలోకి వదిలేసేది. మూడోది ఆవిరిది. ఆవిరి పిడి తిప్పితే లోపల ఒక సన్నని కమ్మీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. దాని మొన ఒక రంధ్రంలో కూర్చుంటే ఆవిరి ఆగుతుంది. లేస్తే వస్తుంది. కమ్మీ చుట్టూ నీళ్లు పైకి ఎగదన్నకుండా ఒక రబ్బరు ఉంగరం. ఇంతే విద్య! మన పెరటి కుళాయికీ దీనికీ పెద్ద తేడా లేదు.

విప్పి చూస్తే ఆ ఉంగరం ఎండి, గట్టిపడి, ఒకచోట బీటలిచ్చింది. కమ్మీ మొన మీద తెల్లటి సున్నపు గడ్డ. బోరు నీళ్ల పుణ్యం. నీళ్లలో కరిగి ఉన్న సున్నం, మెగ్నీషియం లవణాలు వేడి తగిలితే విడిపోయి గడ్డకడతాయి. గీజరులోనూ, టీ గిన్నె అడుగునా కనబడే తెల్లటి పొర అదే. అది మొన మీద చేరితే వాల్వు సరిగ్గా మూసుకోదు. సందులోంచి ఆవిరి కోసుకుంటూ పోతూ పోతూ లోహాన్నీ గుంతలు పెడుతుంది. ఉంగరం మారిస్తే చాలేమో అనుకున్నాం గానీ మొన కూడా తినేసి ఉంది. కాబట్టి వాల్వే మార్చాలి.

రబ్బరు ఉంగరమే కదా అని ఎవరూ చిన్నచూపు చూడకండి. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అంతరిక్ష నౌక ఏడుగురితో సహా గాలిలోనే ముక్కలై పోవడానికి కారణం, చలికి బిగుసుకుపోయి సందు మూయలేకపోయిన ఒక రబ్బరు ఉంగరమే. ఫైన్‌మన్ అనే శాస్త్రవేత్త అలాంటి రబ్బరు ముక్కని మంచునీళ్ల గ్లాసులో ముంచి, అది ఎలా బిగుసుకుపోతుందో విచారణ సంఘం ముందు అందరికీ చూపించాడు. అంత పెద్ద నౌకని ముంచగల వస్తువు మన కాఫీ యంత్రాన్ని కార్చడం ఓ వింతా? ఇంతకీ జబ్బు ఎక్కడుందో కనిపెట్టడానికి కావలసింది కళ్లూ, ఓపికా. ఆ కుర్రాడికి రెండూ ఉన్నాయి. మూత విప్పమని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేదు.

పాత వాల్వు రుమాలులో కట్టుకుని సికింద్రాబాదు రాణీగంజ్‌కి వెళ్లాం. పంపులూ, పైపులూ, వాల్వులూ అమ్మే బజారు అది. నలుగురిని అడిగితే పెళ్లిళ్ల కాఫీ మెషిన్లు బాగుచేసే ఒక పెద్దాయన దగ్గరికి పంపారు. గది నిండా విప్పిన ఇత్తడి ముక్కలు. ఆయన వాల్వుని చేత్తో తిప్పి చూశాడు. మర కొలిచాడు. ఒక బిస్కెట్ల డబ్బాలో చెయ్యి పెట్టి కలియబెట్టి, దానికి కవలపిల్లలాంటి ఇత్తడి వాల్వు తీశాడు. తిండిసామాన్లకి పనికొచ్చే సిలికాన్ ఉంగరం వేసి ఇచ్చాడు. నాలుగు వందల యాభై రూపాయలు.

"కంపెనీవాళ్లు మెషిన్ మొత్తం పోయిందన్నారండీ" అంది మా పిల్ల.

"మెషిన్ ఖరాబు కాలేదమ్మా, వాల్వు ఖరాబైంది. మనిషికి పన్నూడితే మనిషినే పారేస్తరా?" అన్నాడాయన.

ఈ వ్యాసంలో నేను చెప్పదలుచుకున్నదంతా ఆయన ఒక్క ముక్కలో చెప్పేశాడు. అయినా రాస్తున్నాను, ఎందుకంటే ఆ మాట రాణీగంజ్ దాటి కంపెనీల చెవిదాకా పోవడం లేదు.

ఇంటికొచ్చి కొత్త వాల్వు బిగించడానికి ముప్పావు గంట పట్టింది. విప్పేటప్పుడు ప్రతి దశలోనూ ఫోనుతో ఫోటో తీసుకున్నాం కనుక ఏది ఎక్కడిదో వెతుక్కోనక్కర లేకపోయింది. మరకి నాలుగు చుట్లు టెఫ్లాన్ టేపు, పానాతో బిగింపు. మరీ మొండిగా బిగించకూడదు, ఇత్తడి మర దెబ్బతింటుంది. కరెంటు తీగల జోలికి పోలేదు. మూత పెట్టేసి, కింద పొడి కాగితం పరిచి, యంత్రం నడిపి చూశాం. కాగితం పొడిగానే ఉంది.

ఇప్పుడు నన్ను ఒక ప్రశ్న అడగనివ్వండి. ఆడవాళ్లకి ఇలాంటి పనులు చేతకావని ఎవరు చెప్పారు? మన అమ్మలు కిరసనాయిలు పంపు స్టవ్వుల మీద వండారు. స్వీడన్‌లో లింద్‌క్విస్ట్ అనే ఆయన 1892లో తయారుచేసిన ప్రైమస్ స్టవ్వు సంతతి అది. కింద కిరసనాయిలు, లోపల గాలి ఒత్తిడి, పైన భగభగమనే మంట. ఎస్ప్రెస్సో యంత్రం దాని ముందు పసిపాప. పంపులోని తోలు వాషరు ఎండిపోతే దాన్ని తీసి, కొబ్బరినూనె రాసి, మెత్తబరిచి మళ్లీ పెట్టింది ఎవరు? మూతి మూసుకుపోతే పిన్నుతో పొడిచింది ఎవరు? పంపు అడుగున వాల్వు పట్టు వదిలితే బజారుకి కబురుపెట్టి కొత్తది తెప్పించి బిగించుకుంది ఎవరు? మన అమ్మలూ అమ్మమ్మలే! మూడో తరగతి దాటని ఆవిడ చేసుకున్న పనిని, ఇంజినీరింగు చదివిన మనవరాలు చెయ్యలేదని కంపెనీ నిర్ణయించేసింది. మనవరాలు నమ్మేసింది. నాకు కోపం కంపెనీ మీద ఎంత ఉందో, ఈ నమ్మకం మీదా అంతే ఉంది.

వంటింటి వస్తువుల ప్రకటనలన్నిటిలోనూ నవ్వుతూ కనబడేది ఆడదే. ఆ వస్తువు ఆగిపోయినప్పుడు మాత్రం "సార్ లేరా" అంటారు. మిక్సీ ఎందుకు మూలిగిందో, ఏ రోజునుంచి మూలుగుతోందో ఇంటావిడకి తెలుసు. స్క్రూడ్రైవరు ఎక్కడుందో మాత్రం ఇంటాయనకి తెలుసు. ఈ రెండు తెలివితేటలూ ఒక మనిషిలోనే ఉండకూడదని ఏ శాస్త్రంలో రాసి ఉందమ్మా?

మిక్సీ అన్నాను గనక ఒక్క మాట. జారు పట్టు తప్పిందనో, బ్లేడు మొండిదైందనో, లోపలి కార్బన్ బ్రష్షులు అరిగాయనో మనం మిక్సీని ఎన్నడైనా పారేశామా? వీధి చివర కొట్టులో ఇచ్చి సాయంత్రానికి తెచ్చుకుంటాం. కుక్కరు గాస్కెట్టు వదులైతే స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్లి సైజు చెబితే కొత్తది ఇస్తాడు. సేఫ్టీ వాల్వూ అంతే. కుక్కరు కంపెనీలకి మనమీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. గాస్కెట్టు దొరకని కుక్కరు ఈ దేశంలో ఎవరూ కొనరని వాళ్లకి తెలుసు. ఆ పట్టుదల ఎవరిది? మన తల్లులది. "గాస్కెట్టు ఇక్కడ దొరుకుతుందా?" అని అడిగి మరీ కొన్నారు వాళ్లు. కాఫీ యంత్రం దగ్గరికి వచ్చేసరికి మనం "ఏ రంగుల్లో ఉంది?" అని అడిగాం. అడిగినదానికి తగ్గట్టే వచ్చింది.

నామీద ఎదురు వాదనలు వస్తాయని తెలుసు. వాటికీ జవాబు చెప్పి ముందుకి పోతాను.

"కరెంటూ, వేడీ, ఒత్తిడీ కలిసిన వస్తువు. తెలియకుండా చెయ్యి పెడితే ప్రమాదం కాదూ?" అంటారు. ప్రమాదమే. ఎవరు కాదన్నారు? ప్లగ్గు పీకకుండా, చల్లారకుండా మూత విప్పకూడదు. కారుతోంది కదా అని ఏ మైనమో, సీలో పూసి వాల్వు నోరు మూయకూడదు. ఒత్తిడి వదిలే వాల్వుకి అడ్డం పెట్టడం, కుక్కరైనా కాఫీ యంత్రమైనా, ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. వేడి మితిమీరితే కరెంటు కత్తిరించే ఫ్యూజు కాలిపోతే దాన్ని తప్పించి తీగ కలపకూడదు. కరెంటు పని తెలిసినవాడికే అప్పగించాలి. గ్యారంటీ గడువు ఉండగా మనం విప్పకూడదు, కంపెనీ చేతే చేయించుకోవాలి. ఇవన్నీ ఒప్పుకుంటాను. అయితే ప్రమాదమన్న మాట వాడి నోట ఎప్పుడొస్తుందో గమనించారా? మనం విప్పుతానన్నప్పుడు వస్తుంది. "అయితే నువ్వే విప్పి వాల్వు మార్చు నాయనా" అంటే "విడిగా రాదు మేడమ్" అంటాడు. మనని చెయ్యనివ్వడు, తను చెయ్యడు. ఇది జాగ్రత్త కిందికి వస్తుందా, వ్యాపారం కిందికి వస్తుందా?

"బాగుచేసేవాడి కూలి ఎక్కువ, గిట్టుబాటు కాదు" అన్నది రెండో వాదన. కూలి ఎవడికి పోతుందో కూడా చూడండి మరి. బాగుచేతకి ఇచ్చిన డబ్బు మన ఊళ్లో, మన వీధిలో ఒక పనివాడి ఇంట్లో పొయ్యి వెలిగిస్తుంది. రాగిగిన్నెలకి కళాయి పోసేవాళ్లు, బిందెలకి మాట్లు వేసేవాళ్లు, రోళ్లకి గంట్లు కొట్టేవాళ్లు, గొడుగు పుల్లలు సరిచేసేవాళ్లు ఒకప్పుడు వీధి వెంట కేకలేసుకుంటూ తిరిగేవారు. ఇప్పుడా కేక ఎన్ని వీధుల్లో వినబడుతోంది? పెద్దాయన బిస్కెట్ల డబ్బాలో ఉన్నది ఇత్తడి ముక్కలే కాదు, ఒక విద్య. ఆయన తరువాత అది నేర్చుకునేవాడు ఉండాలంటే మనం పాతవి మోసుకుని ఆయన గుమ్మం తొక్కాలి. ఇక గిట్టుబాటంటారా, పదహారు వేలెక్కడ, నాలుగు వందల యాభై ఎక్కడ! కూడికలూ తీసివేతలూ వచ్చిన ఏ ఇల్లాలైనా తేల్చగలదు.

"పాత వస్తువులు వెనక్కిచ్చేస్తే వాళ్లే కరిగించి కొత్తవి చేస్తారుగా" అనేది మూడో వాదన. 2023 ఏప్రిల్ 1 నుంచి మన దేశంలో ఎలక్ట్రానిక్ చెత్తకి కొత్త నిబంధనలు అమలులోకి వచ్చాయి. పాతవాటిని తిరిగి వాడకంలోకి తెచ్చే బాధ్యత తయారీదారుల మీద పెట్టారు. మంచిదే. కానీ చిరిగిన చీరకి రెండు కుట్లు వేస్తే పోయేదానికి, చీరని దారాలు దారాలుగా పీకి మళ్లీ నేయిస్తామంటారా ఎవరైనా? బాగున్న బాయిలరునీ, బాగున్న పంపునీ ఒక్క వాల్వు కోసం కరిగించడం అలాంటి పనే.

ఈ గొడవ నా ఒక్కదానిదీ కాదు, మన దేశానిదీ మాత్రమే కాదు. ఫ్రాన్సులో 2021 జనవరి నుంచి వాషింగ్ మెషిన్లు, టీవీలు, ఫోన్లు లాంటివాటి మీద, అది ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి మార్కులు వేసి చూపించాలని నియమం పెట్టారు. పిల్లల ప్రోగ్రెస్ కార్డులాగా అన్నమాట! 2024లో ఐరోపా సమాఖ్య బాగుచేయించుకునే హక్కు మీద ప్రత్యేకంగా ఒక చట్టమే చేసింది. మన దేశంలో 2014 ఆగస్టులో, విడిభాగాలు బయట బజారులో దొరకనివ్వడం లేదని 14 కార్ల కంపెనీలకి కాంపిటీషన్ కమిషన్ దాదాపు 2,544 కోట్ల రూపాయల జరిమానా వేసింది. దాని మీద అప్పీళ్లు నడిచాయి, అది వేరే సంగతి. విడిభాగం దాచిపెట్టడం తప్పేనని ఒక ప్రభుత్వ సంస్థ తేల్చి చెప్పిందా లేదా? 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద ఒక సంఘం వేసింది. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు, వాహనాలతో పాటు ఇంటి సామాన్లని కూడా ఆ పరిధిలో చేర్చింది. అదే సంవత్సరం డిసెంబరు 24న దానికోసం ఒక వెబ్‌సైటు కూడా ప్రారంభించింది.

సంఘాలూ, సైట్లూ వస్తే చాలదమ్మా. చట్టం ఢిల్లీలో పుడితే పుడుతుంది, కొట్టు కౌంటరు దగ్గర దాన్ని పెంచవలసింది మనం. కొనేటప్పుడు ఇలా అడగండి. దీని వాల్వూ, వాషరూ, ఉంగరమూ విడిగా అమ్ముతారా? ఎన్నేళ్లపాటు అమ్ముతారు? మూత మామూలు మరలతో బిగించారా, జిగురుతో అతికించారా? బాగుచేసేవాళ్లు ఈ ఊళ్లో ఉన్నారా? ఇంతకుముందు రంగు అడిగినంత గట్టిగా, కొట్టులో పదిమందీ వినేట్టు అడగండి. జవాబు లేకపోతే లేచి వచ్చేయండి. అమ్మకందారుని భయపెట్టే శక్తి ఏ మంత్రికీ అంత లేదు, కొనకుండా లేచిపోయే ఆడదానికి ఉన్నంత.

బాగుచేయించిన ప్రతిదానికీ బిల్లు తీసుకోండి. బిల్లు ఇవ్వకపోవడం కూడా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అక్రమ వ్యాపార పద్ధతే. మూత విప్పకుండా జబ్బు చెబితే, ఏ భాగం పోయిందో కాగితం మీద రాసిమ్మనండి. నోటితో సులువుగా చెప్పే మాట కాగితం మీద పెట్టాలంటే చెయ్యి ఆలోచిస్తుంది. అప్పటికీ వినకపోతే 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయవాణి నంబరు ఉంది. ఫోను చేసి ఫిర్యాదు రాయించండి. తగువులాడటం మర్యాద కాదని మనకి చిన్నప్పటినుంచి నూరిపోశారు. వంకాయల బుట్ట దగ్గర అర్ధరూపాయికి బేరమాడిన నోరే, పదహారు వేల వస్తువు దగ్గర మూగబోవడం ఏం మర్యాదో నాకైతే అర్థం కాదు. ఆ కూరగాయలమ్మి మనకన్నా పేదది. ఈ కంపెనీ మనకన్నా గొప్పది. నోరు చేసుకోవలసింది ఎక్కడ?

ఉన్న వస్తువుని కాపాడుకోవడం మన చేతిలో పని. కాఫీ యంత్రంలో బోరు నీళ్లు నేరుగా పోయకండి, సున్నం తక్కువున్న నీళ్లు పోయండి. నెలకో రెండు నెలలకో ఒకసారి, కంపెనీ పుస్తకంలో చెప్పిన మందుతో, చెప్పిన మోతాదులో సున్నం వదిలించండి. నిమ్మఉప్పు పనికొస్తుందని ఆ పుస్తకంలోనే ఉంటే, అది మన వంటింట్లోదే, ఇంకా చవక. పాలు నురగగొట్టిన వెంటనే ఆవిరి గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచి, ఒక్కసారి ఆవిరి వదలండి. పిడిని కోపంగా బిగించకండి. ఎంత గట్టిగా బిగిస్తే అంత తొందరగా మొన అరుగుతుంది. కుళాయి సంగతి మనకి తెలియనిదా!

ఇంకో మాట. ఆడపిల్లకి సారె పెట్టేటప్పుడు పసుపూ కుంకుమా, గిన్నెలూ, మిక్సీ, కుక్కరూ అన్నీ పెడతాం. వాటి పక్కన ఒక స్క్రూడ్రైవర్ల సెట్టూ, ఒక పానా కూడా పెట్టండి. నవ్వేవాళ్లు నవ్వుతారు. పూలజడలోకి పానా పెట్టమనడం లేదు కదా, సారె పెట్టెలోకేగా! మగపిల్లవాడికి గరిటె పట్టుకోవడం నేర్పుతున్నామని గర్వంగా చెప్పుకుంటున్నాం. ఆడపిల్ల చేతికి పానా ఇవ్వడం అందులో సగం పని. ఆ సగం పూర్తి చేయండి.

ఇక ఈ యంత్రాలు చేసే పెద్దమనుషులకి నేను చెప్పేది ఒక్కటే. మీ యంత్రాలకి మేము శత్రువులం కాము. మాకు నచ్చే కొన్నాం, డబ్బులు పోసే కొన్నాం. వాటిని పదేళ్లు వాడుకోవాలనే ఆశపడుతున్నాం. మీరు కొత్త రంగులు తేకపోయినా ఫరవాలేదు, కొత్త పేర్లు పెట్టకపోయినా ఫరవాలేదు. నాలుగు వందల యాభై రూపాయల వాల్వు మీ దుకాణంలో ఒక అరలో ఉంచండి. అడిగినవాళ్లకి అమ్మండి. అది ఎలా బిగించాలో ఒక పేజీలో, తెలుగులో రాసి పెట్టెలో వేయండి. మిగతాది మేము చూసుకుంటాం. మా వంటిళ్లలో పొయ్యి ఆరకుండా చూసుకోవడం మాకు కొత్త విద్యేమీ కాదు.